ఖాళీ చెయ్యే వణుకుతోంది: 200 గ్రాముల కారం ప్యాకెట్ ఎత్తలేని రోబో

అరండల్‌పేట కుర్రాడు (గుంటూరు), సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మెకానికల్ డిప్లొమా మూడో ఏడాది చదువుతున్నాను. మా జట్టు ప్రాజెక్టుగా రోబో చెయ్యి చేస్తున్నాం. ఊరు గుంటూరు కాబట్టి పని కూడా ఊరికి తగ్గదే ఎంచుకున్నాం: బల్ల మీద వరసగా పెట్టిన 200 గ్రాముల కారం ప్యాకెట్లను ఒక్కొక్కటే తీసి అట్టపెట్టెలో పేర్చాలి.

పీఠం, భుజం, మోచేయి, మణికట్టు, పట్టుకునే వేళ్లు. అయిదింటికీ ఎంజీ 996ఆర్ సర్వో మోటార్లే, అంటే చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలబడేవి. నడిపేది ఆర్డునో ఊనో అనే చిన్న కంట్రోల్ బోర్డు. భుజం నుంచి మోచేయికి 15 సెంటీమీటర్లు, మోచేయి నుంచి మణికట్టుకు 15, అక్కడి నుంచి వేళ్ల మధ్యకు 8. అల్యూమినియం పట్టీలు.

ప్యాకెట్ లేకుండానే, చెయ్యి ముందుకు చాపితే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ప్యాకెట్ పెడితే కూలబడుతుంది. ఒక్కోసారి బోర్డే ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. ప్రోగ్రాం మూడుసార్లు తిరగరాశాను. తప్పు ఎక్కడుందో చెప్పగలరా? ప్రదర్శనకు మూడు వారాలే ఉంది.

సందేహాల సుబ్బడు, సోమవారం రాత్రి 9:52

ప్యాకెట్లో కారం తీసేసి మరమరాలు పోయండి. పని అయిపోతుంది.

కృష్ణలంక ఎలక్ట్రానిక్స్ (విజయవాడ), సోమవారం రాత్రి 10:15

సుబ్బడు గారి వైద్యం పక్కన పెట్టి, తమ్ముడూ, కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నావు? బోర్డు ఆరి మళ్లీ మొదలవుతోందంటే మోటార్లకు కూడా బోర్డు నుంచే తీసుకుంటున్నావని నా అనుమానం. ఈ మోటారు 6 వోల్టుల దగ్గర కదలలేక ఇరుక్కుంటే 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. కంప్యూటర్ యూఎస్‌బీ మామూలుగా ఇచ్చేది అర ఆంపియర్. భుజం ఒక్కటి గట్టిగా లాగితే చాలు, వోల్టేజీ పడిపోయి బోర్డు తెలివి తప్పుతుంది.

మోటార్లకు విడిగా 6 వోల్టుల, కనీసం 10 ఆంపియర్ల సరఫరా పెట్టు. దాని గ్రౌండ్ తీగనూ బోర్డు గ్రౌండ్ తీగనూ తప్పక కలుపు. ఇది మరిచిపోయి రెండు రోజులు తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

వణుకు సంగతి: సర్వోకు బోర్డు సెకనుకు 50 సార్లు ఒక పల్స్, అంటే క్షణకాలపు విద్యుత్ సంకేతం, పంపుతుంది. పల్స్ వెడల్పు సుమారు 1 నుంచి 2 మిల్లీసెకన్లు, 1.5 అంటే మధ్యలో నిలబడమని. మోటారు లోపల చిన్న పొటెన్షియోమీటర్ ఉండి, ఇరుసు నిజంగా ఎక్కడుందో చెబుతూ ఉంటుంది. చెప్పిన చోటికీ ఉన్న చోటికీ తేడా ఉంటే మోటారు నెడుతుంది. బరువు కిందికి లాగుతుంది, ఇది పైకి నెడుతుంది, కాస్త దాటిపోతుంది, మళ్లీ జారుతుంది. ఈ పోట్లాటే నీకు వణుకుగా కనిపిస్తోంది.

లేత్ బాబాయి (విజయవాడ ఆటోనగర్), మంగళవారం ఉదయం 6:10

కృష్ణలంక అమ్మాయి చెప్పిన కరెంటు సంగతి సరిచెయ్యి. ఆ తరవాత ప్రోగ్రాం జోలికి పోకు. చెయ్యి మొత్తం విప్పి, ముక్కముక్కా కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూకాలు రాసుకుని రా. ఇంతవరకూ ఎవరూ నిన్ను బరువు అడగలేదు, నువ్వూ చెప్పలేదు. ఇరుసు మీద ఎంత పడుతుందో తెలియకుండా మోటారు కొన్నవాళ్లను నా షెడ్డులో నెలకు ఇద్దరినైనా చూస్తాను.

అరండల్‌పేట కుర్రాడు, మంగళవారం సాయంత్రం 5:30

కరెంటు విషయంలో అక్క చెప్పిందే నిజం. విడిగా పెట్టాక బోర్డు ఆరిపోవడం లేదు. వణుకు మాత్రం అలాగే ఉంది.

తూకాలు: మోటారు ఒక్కోటి 55 గ్రాములు. వేళ్ల సెట్టు దాని మోటారుతో కలిపి 130. పై చేతి పట్టీలు 40, ముంచేతి పట్టీలు 40.

లెక్కల మాస్టారు (విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు బ్రాడీపేట), మంగళవారం రాత్రి 8:05

నాయనా, ఇప్పుడు లెక్క వెయ్యవచ్చు. చెయ్యి నేలకు సమాంతరంగా చాపి ఉన్నప్పుడు భుజం మీద భారం అత్యధికం. బరువును దూరంతో గుణించడమే.

ప్యాకెట్ 200 గ్రాములు, 38 సెంటీమీటర్ల దూరం: 7.6 కిలో-సెంటీమీటర్లు. వేళ్ల సెట్టు 130 గ్రాములు, దాని గరిమనాభి 34 దగ్గర ఉందనుకుంటే 4.4. మణికట్టు మోటారు 30 దగ్గర, 1.65. మోచేయి మోటారు 15 దగ్గర, 0.8. పట్టీలు రెండూ కలిపి 1.2. మొత్తం 15.7.

నీ మోటారుకు తయారీదారు చెప్పే గరిష్ఠ బలం 4.8 వోల్టుల దగ్గర 9.4, 6 వోల్టుల దగ్గర 11. అది కూడా కదలకుండా నిలబడిపోయే స్థితిలో. ఇప్పుడు ప్యాకెట్ తీసేసి చూడు: 15.7 లో 7.6 పోతే 8.1. అంటే ఖాళీ చెయ్యే మోటారు సత్తువలో ముప్పాతిక మింగేస్తోంది. నీ ప్రోగ్రాంలో దోషం వెతికి లాభం లేదు.

మిర్చి యార్డు గుమాస్తా (గుంటూరు), మంగళవారం రాత్రి 8:40

రోబోల గురించి నాకు తెలియదు కాని బరువుల గురించి తెలుసు. యార్డులో హమాలీ నలభై కిలోల మిర్చి టిక్కీని (బస్తాను) వీపు మీద వేసుకుని చకచకా నడిచిపోతాడు. అదే మనిషిని అయిదు కిలోల బియ్యం సంచి చెయ్యి చాపి పట్టుకోమనండి, నిమిషం తిరక్కముందే చెయ్యి దిగిపోతుంది. మీ రోబో చేత మీరు పొద్దస్తమానం చెయ్యి చాపించే పని చేయిస్తున్నారు.

లేత్ బాబాయి, బుధవారం ఉదయం 6:25

గుమాస్తా గారు నా నోటి మాట అందుకున్నారు. చేతి చివర బరువు తగ్గించాలి. మోటార్లను మోచేతిలోనూ మణికట్టులోనూ ఎందుకు వేలాడదీశావు? అవి పీఠం మీదే కూర్చుని, కడ్డీలతో దూరంగా ఉన్న కీలును కదపగలవు.

నీ దగ్గర ఇంజినీరింగ్ డ్రాయింగ్ డ్రాఫ్టర్ ఉంటుంది కదా, బల్లకు బిగించేది. దాన్ని ఎటు జరిపినా స్కేలు కోణం మారదు. ఎందుకని? సమాంతర చతుర్భుజాలు రెండు ఒకదానికొకటి తగిలించి ఉన్నాయి కాబట్టి. అదే నీ చేతికి కావాలి. మోచేయి మోటారును భుజం పక్కనే పీఠం మీద పెట్టు. దాని మీటకూ ముంచేతికీ మధ్య, పై చేతికి సమాంతరంగా ఒక కడ్డీ వెయ్యి. ఇంకో రెండు కడ్డీలు డ్రాఫ్టర్ పద్ధతిలో వేస్తే వేళ్లు ఎప్పుడూ మట్టంగా ఉంటాయి, మణికట్టు మోటారే అక్కర్లేదు. గోతాలు పేర్చే పెద్ద రోబోల్లో చాలావాటికి ఇదే ఏర్పాటు.

పొడవు కూడా 12, 12, 7 చెయ్యి. పెట్టె దగ్గరగా పెట్టుకుంటే పోయేదేమీ లేదు.

లెక్కల మాస్టారు, బుధవారం ఉదయం 10:10

బాగుంది. వేళ్లకు 9 గ్రాముల చిన్న సర్వో వాడితే ఆ సెట్టు 50 గ్రాముల్లో వస్తుందనుకుందాం. చేతి పట్టీలు తేలిక కర్రతో చెరి 15 గ్రాములు. కొత్త లెక్క: ప్యాకెట్ 31 సెంటీమీటర్ల దగ్గర 6.2, వేళ్లు 1.35, పట్టీలూ కడ్డీలూ కలిపి 0.65. మొత్తం 8.2. ఇంకా ఎక్కువే. మోటారును దాని గరిష్ఠంలో సగానికి మించి వాడకూడదు. కనుక వెనకవైపు ఒక ప్రతిబరువు కట్టమంటాను. మా చిన్నప్పుడు పొలంలో ఏతం ఉండేది. నీళ్ల బానను మనిషి ఎత్తేవాడు కాదు, వెనక ఉన్న రాయి ఎత్తేది.

వెల్డింగ్ రోబో (సొంతూరు విజయవాడ, ఉద్యోగం కారు విడిభాగాల ఫ్యాక్టరీలో), బుధవారం అర్ధరాత్రి 12:30

రాత్రి షిఫ్టులో భోజన విరామం. మాస్టారూ, క్షమించండి, మీ రెండో లెక్కలో పొరపాటు ఉంది. ఏతం అవసరం రాదు.

మొదటి అమరికలో మోచేయి మోటారు పై చేతి మీద కూర్చుని ఉంది. అది ముంచేతిని ఎత్తినప్పుడు అంతే బలంతో పై చేతిని వెనక్కి తోస్తుంది, ఆ తోపు భుజం మీద పడుతుంది. అందుకే మొత్తం 38 సెంటీమీటర్ల భారం భుజానిదే అయింది. బాబాయి గారి అమరికలో ఆ మోటారు పీఠానికి బిగించి ఉంది. ముంచేతి కోణాన్ని అది నేల నుంచి నేరుగా నిలబెడుతుంది.

ఇలా చూడండి. మోచేయి మోటారును కదలనివ్వకుండా భుజం ఒక్కదాన్నే తిప్పితే ముంచేతి వాలు మారదు, మొత్తం సమాంతరంగా జరుగుతుంది. అప్పుడు ప్యాకెట్ ఎంత లేస్తుంది? మోచేయి ఎంత లేస్తే అంతే. కనుక భుజానికి ప్యాకెట్ దూరం 12 సెంటీమీటర్లే, 31 కాదు. అలాగే మోచేయి మోటారుకు కూడా 12 మాత్రమే. మిగిలిన 7 సెంటీమీటర్ల మాట? వేళ్లను మట్టంగా ఉంచే కడ్డీలు ఆ భారాన్ని పీఠానికి చేరవేస్తాయి, ఏ మోటారూ మోయదు.

లెక్క: భుజానికి ప్యాకెట్ 2.4, వేళ్లు 0.6, మిగతా కర్రలూ కడ్డీలూ 0.5. మొత్తం 3.5. మోచేయికి 3.1. గరిష్ఠంలో దాదాపు మూడో వంతు.

ఒక జాగ్రత్త. పై చెయ్యీ ముంచెయ్యీ పూర్తిగా ఒకే గీతలోకి వస్తే సమాంతర చతుర్భుజం చదునైపోతుంది. అక్కడ కడ్డీలు బిగుసుకోవచ్చు, లేదా కీలు వేరే వైపు మడత పడవచ్చు. మోచేయి దగ్గర కోణం 150 డిగ్రీలు దాటకుండా ప్రోగ్రాంలోనే హద్దు పెట్టు.

లెక్కల మాస్టారు, గురువారం ఉదయం 7:00

ఒప్పుకుంటున్నాను. దూరం చూశాను కాని ఏ మోటారు తిరిగితే ఏది లేస్తుందో చూడలేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడు చెయ్యకూడని తప్పు. ఉదయం కాఫీ చల్లారిపోయే దాకా మీ లెక్కనే కాగితం మీద గీసుకుంటూ కూర్చున్నాను.

అరండల్‌పేట కుర్రాడు, గురువారం రాత్రి 9:15

మొత్తం విప్పేశాను. తేలిక కర్ర అన్నారు కదా, కొండపల్లి వెళ్లి తెల్ల పొణికి చెక్క తెచ్చాను. బొమ్మలు చేసేవాళ్లే రెండు పలకలు కోసి ఇచ్చారు. చేతిలో ఉన్నట్టే తెలియదు.

లేత్ బాబాయి, శుక్రవారం ఉదయం 6:05

బొమ్మకు బాగుంటుంది, కీలుకు బాగుండదు. అది మెత్తటి కర్ర. మరను నేరుగా బిగిస్తే వారం తిరిగే సరికి రంధ్రం వదులవుతుంది. ఇరుసు వచ్చే ప్రతి చోటా ఇత్తడి బుష్ (గొట్టం లాంటి తొడుగు) దిగ్గొట్టి, రెండు వైపులా పలుచని అల్యూమినియం రేకు అతికించు.

మోటారు మీద నమ్మకం కుదరాలంటే ఇరుసుకు 10 సెంటీమీటర్ల కర్ర బిగించి, చివర అర లీటరు నీళ్ల సీసా వేలాడదియ్యి. ఎత్తితే 5 కిలో-సెంటీమీటర్లు ఉన్నట్టు. పెట్టె మీద అంకె చూసి కొనకు, బజారులో నకళ్లు ఎక్కువ.

సందేహాల సుబ్బడు, శుక్రవారం ఉదయం 11:20

ఇప్పుడు నిజంగానే సందేహం. ఈ త్రికోణమితి అంతా ఎందుకు? చేతిని చేత్తో పట్టుకుని ప్యాకెట్ దగ్గరికి తీసుకెళ్లి కోణాలు రాసుకోవాలి, పెట్టె దగ్గరికి తీసుకెళ్లి రాసుకోవాలి. తరవాత అవే కోణాలు వరసగా ఆడించాలి. అయిపోయింది కదా?

వెల్డింగ్ రోబో, శుక్రవారం సాయంత్రం 4:45

మీరు వెటకారంగా అడిగినా అడిగింది సరైన ప్రశ్న. పరిశ్రమలో పనికి దిగిన మొదటి రోబో యూనిమేట్ చేసిందీ అదే. 1961లో అమెరికాలో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో పెట్టారు, వేడి లోహపు పోతలను పోత యంత్రం నుంచి బయటికి తీయడానికి. ఒకసారి నేర్పిన భంగిమలను అయస్కాంతపు డ్రమ్ములో దాచుకుని మళ్లీ మళ్లీ ఆడేది. నేను పనిచేసే చోట కూడా చాలా రోబోలకు చేత్తో పట్టుకునే బటన్ల పలకతో ఒక్కో బిందువూ చూపించి నేర్పుతాం.

కాని అక్కడ ప్రతి విడిభాగం మిల్లీమీటరు అటూ ఇటూ కదలకుండా బిగించి ఉంటుంది. ఈ అబ్బాయి బల్ల మీద ప్యాకెట్ రెండు సెంటీమీటర్లు పక్కకు జరిగితే రాసుకున్న కోణాలు వృథా. పన్నెండు ప్యాకెట్లకు పన్నెండు చోట్లు, పెట్టెలో ఇంకో పన్నెండు. అన్నీ చేత్తో చూపిస్తారా?

సందేహాల సుబ్బడు, శుక్రవారం సాయంత్రం 4:58

ఇరవై నాలుగే కదా. నేనైతే చూపిస్తాను. ఆదివారం ఖాళీయే.

లెక్కల మాస్టారు, శుక్రవారం రాత్రి 8:30

చూపించండి, సోమవారం ఎవరో బల్లను తగిలి జరుపుతారు.

నాయనా, నీకు కావలసింది పదో తరగతి త్రికోణమితి, ఇంటర్ స్థాయి కొసైన్ సూత్రం. అంతకు మించి లేదు. భుజం, మోచేయి, మణికట్టు కలిపితే ఒక త్రిభుజం. ఆ త్రిభుజపు రెండు భుజాలు 12, 12. మూడోది భుజం నుంచి మణికట్టుకు దూరం, అది నువ్వు వెళ్లాలనుకున్న చోటును బట్టి ఉంటుంది. మూడు భుజాలూ తెలిస్తే కోణాలు తెలిసినట్టే.

ఉదాహరణకు మణికట్టు భుజానికి 16 సెంటీమీటర్లు ముందు, 4 కింద ఉండాలి. దూరం వర్గం 256, 16 కలిపి 272. మోచేయి కోణపు కొసైన్ విలువ: 144, 144 కలిపి అందులోంచి 272 తీసేస్తే 16, దాన్ని 288తో భాగిస్తే 0.0556. కోణం 86.8 డిగ్రీలు. భుజాలు సమానం కనుక మిగతా రెండు కోణాలూ చెరి 46.6. గమ్యం వైపు గీత నేలకు 14 డిగ్రీలు కిందికి వాలి ఉంది. కనుక పై చెయ్యి 46.6 లోంచి 14 పోగా 32.6 డిగ్రీలు పైకి, ముంచెయ్యి 60.6 డిగ్రీలు కిందికి. కాగితం మీద గీసి కొలిచి చూసుకో.

ఇదే చోటికి రెండో దారి కూడా ఉంది. త్రిభుజాన్ని తిరగేస్తే మోచేయి కిందికి వస్తుంది. లెక్కకు అదీ జవాబే, కాని నీ మోచేయి బల్లకు గుద్దుకుంటుంది. ఎప్పుడూ మోచేయి పైకి ఉన్న జవాబే తీసుకో. ఇక పీఠం ఎంత తిరగాలన్నది పై నుంచి చూస్తే తెలిసే ఒక్క కోణం, టాన్ విలోమం.

అరండల్‌పేట కుర్రాడు, మరుసటి బుధవారం రాత్రి 10:20

చెయ్యి నిలబడింది! వణుకు లేదు. ప్యాకెట్‌తో సహా పైకి లేస్తోంది. మాస్టారి లెక్క ప్రోగ్రాంలో పెడితే, చెప్పిన చోటుకు కొన్ని మిల్లీమీటర్ల తేడాలో వెళ్తోంది.

కొత్త కష్టాలు మూడు. ఒక్కసారిగా దూకుతుంది, ఆగేటప్పుడు మొత్తం ఊగుతుంది. కిందికి దిగేటప్పుడు తిన్నగా కాక వంపుగా దిగి పక్క ప్యాకెట్‌ను పడేస్తోంది. పట్టుకున్న ప్యాకెట్ సగం దారిలో జారిపోతోంది, లేకపోతే వేళ్ల మధ్య గిర్రున తిరుగుతోంది.

కృష్ణలంక ఎలక్ట్రానిక్స్, మరుసటి గురువారం ఉదయం 9:30

మొదటి రెండూ ఒకే జబ్బు. సర్వోకు చివరి కోణం ఒక్కటే ఇస్తే తన గరిష్ఠ వేగంతో దూకుతుంది. ప్రతి కీలూ తన దారిన తిరుగుతుంది కాబట్టి వేళ్లు వంపులో పోతాయి. దారిని నువ్వే ముక్కలు చెయ్యి. ప్యాకెట్‌కు 6 సెంటీమీటర్ల పై నుంచి తిన్నగా దిగాలంటే, అర సెంటీమీటరుకు ఒక బిందువు చొప్పున పన్నెండు బిందువులు. ఒక్కోదానికీ మాస్టారి త్రిభుజం లెక్క వేసి పంపు. బిందువుల మధ్య వ్యవధి మొదట ఎక్కువ, మధ్యలో తక్కువ, చివర మళ్లీ ఎక్కువ. మంచి డ్రైవరు బస్సును స్టాపు దగ్గర ఆపినట్టు.

వెల్డింగ్ రోబో గారు చెప్పిన 150 డిగ్రీల హద్దుకు ఇంకో కారణం ఇక్కడ తెలుస్తుంది. మణికట్టు దూరం 16 నుంచి 17 సెంటీమీటర్లకు జరగాలంటే మోచేయి సుమారు ఆరున్నర డిగ్రీలు తెరుచుకుంటే చాలు. 23 నుంచి 24కు జరగాలంటే 33 డిగ్రీలు తెరుచుకోవాలి. జరిగింది అదే ఒక్క సెంటీమీటరు! చెయ్యి తిన్నగా అయ్యే కొద్దీ కీలు పిచ్చి వేగంతో తిరగాల్సి వస్తుంది. సింగ్యులారిటీ అని పుస్తకాల్లో భయపెట్టేది దీన్నే. పెద్ద రోబోలు కూడా ఇలాంటి చోట తప్పు చూపించి ఆగిపోతాయి.

లేత్ బాబాయి, మరుసటి గురువారం ఉదయం 9:50

జారడానికి మందు సైకిల్ ట్యూబు. వేళ్లు ప్లాస్టిక్, ప్యాకెట్ ప్లాస్టిక్. ఘర్షణ 0.3 అనుకో. రెండు వేళ్లు 200 గ్రాములు మొయ్యాలంటే ఒక్కోటి 333 గ్రాముల బలంతో నొక్కాలి. నీ చిన్న సర్వోకు అది గగనం. వేళ్లకు ట్యూబు ముక్క అతికిస్తే ఘర్షణ 0.7 దాకా వస్తుందనుకున్నా 143 గ్రాములు చాలు. కదిలేటప్పుడు కుదుపులు ఉంటాయి కనుక దానికి రెట్టింపు లెక్క వేసుకో. ఇంతకంటే పెద్ద మోటారు పెడితే చేతి చివర బరువు మళ్లీ పెరిగి మొదటికొస్తావు.

మిర్చి యార్డు గుమాస్తా, మరుసటి గురువారం మధ్యాహ్నం 1:15

తిరగడం సంగతి నేను చెబుతాను. కారం లోపల ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. బస్తాను ఎత్తేముందు హమాలీ ఒకసారి కుదిపి సర్దుతాడు చూడండి, అందుకే. మీరూ ప్యాకెట్లను పెట్టేముందు తట్టి సర్దండి. సన్నటి వేళ్ల బదులు వెడల్పాటి పలకలు పెట్టండి, బరువు మధ్యకు కాస్త పైన పట్టుకోండి.

సందేహాల సుబ్బడు, మరుసటి గురువారం రాత్రి 9:00

ఇన్ని తిప్పలు భూమి మీద కాబట్టి. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్ నాలుగో దశ మీద ఇస్రో ఒక నడిచే రోబో చెయ్యి పెట్టింది. ఏడు కీళ్లు. అక్కడ కిలో-సెంటీమీటర్లూ లేవు, ఏతాలూ లేవు. హాయి.

వెల్డింగ్ రోబో, మరుసటి శుక్రవారం అర్ధరాత్రి 12:40

అక్కడ బరువు లేదు కాని ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. కదిలించడానికీ, కదిలిందాన్ని ఆపడానికీ బలం కావాలి. పైగా చెయ్యి ఇటు ఊగితే దాన్ని మోస్తున్న వాహనం అటు తిరుగుతుంది. అందుకే అంతరిక్షపు చేతులు తాబేలు నడక నడుస్తాయి. హాయి ఎక్కడా లేదు సుబ్బడు గారూ.

అరండల్‌పేట కుర్రాడు, ఆదివారం రాత్రి 8:20

ట్యూబు అతికించాను, పలకలు వెడల్పు చేశాను, ముక్కలు ముక్కలుగా దింపుతున్నాను. ఈ రోజు పన్నెండు ప్యాకెట్లలో పదకొండు పెట్టెలోకి చేరాయి. పన్నెండోది మా చెల్లి తుమ్మడం వల్ల పోయింది, అది లెక్కలోకి రాదు.

ఒక్కటే మిగిలింది. పెట్టెలో ప్యాకెట్లు వరసగా కాకుండా విసనకర్రలా పడుతున్నాయి.

వెల్డింగ్ రోబో, ఆదివారం రాత్రి 11:50

పీఠం తిరిగితే వేళ్లూ దాంతో తిరుగుతాయి, ప్యాకెట్ కూడా. నీ చేతికి ప్యాకెట్‌ను ఎక్కడైనా పెట్టే స్వేచ్ఛ ఉంది, ఏ వైపుకు తిప్పి పెట్టాలన్న స్వేచ్ఛ లేదు. ఏ వాలులోనైనా పట్టుకోవాలంటే మా వెల్డింగ్ చేతుల్లా ఆరు కీళ్లు కావాలి: మూడు స్థానానికి, మూడు దిశకు. నీ ప్యాకెట్ ఎప్పుడూ నిలువే కనుక ఒక్కటి కలిపితే చాలు, మొత్తం నాలుగు. గోతాలు పేర్చే రోబోలకు కూడా చాలావరకు నాలుగే.

వేళ్లు కిందికి చూసేలా మార్చి, వాటి పైన నిలువు ఇరుసు మీద ఇంకో 9 గ్రాముల సర్వో పెట్టు. పీఠం ఎన్ని డిగ్రీలు తిరిగితే అది అన్ని డిగ్రీలు వెనక్కి తిరగాలి.

లేత్ బాబాయి, సోమవారం ఉదయం 6:00

ఆ ఇరుసుకు బుష్ నేను చేసిస్తాను. ఇరుసు ఎన్ని మిల్లీమీటర్లో సరిగ్గా కొలిచి ఇక్కడ రాయి. ఆ పన్నెండు ప్యాకెట్లూ ప్రదర్శన అయ్యాక ఏం చేస్తావు?

అరండల్‌పేట కుర్రాడు, సోమవారం ఉదయం 7:10

4 మిల్లీమీటర్లు, బాబాయి గారూ. ప్యాకెట్లలో రెండు మీకు.

సందేహాల సుబ్బడు, సోమవారం ఉదయం 7:12

మరమరాలు ఎవరికి?